నాలుగో తీగ పైకా, కిందికా?

ముప్పై ఎనిమిదేళ్లుగా టేపక్క ఒక అనుమానాన్ని మోస్తోంది. ఆ రోజు ఆ తీగ తనంతట తాను చెడిందా, తన చేయి తగిలి చెడిందా? ఈ మధ్యలో పెళ్లయింది, పిల్లలు పుట్టారు, కళ్లజోడు వచ్చింది, అద్దాలు మూడుసార్లు మారాయి. అనుమానం మాత్రం పెట్టినచోటే ఉంది. రోజూ పొద్దున్నే దేవుడికి దండం పెట్టుకునేటప్పుడు ఇంట్లో అందరి గురించీ అడుగుతుంది. ఇది మాత్రం అడగదు. అడిగితే ఆయన జవాబు చెబుతాడేమోనని భయం.

కిందటి వారం మనం ఆమెను వడ్రంగమ్మ కార్ఖానా గుమ్మంలో, చేతిలో అట్టముక్కతో వదిలి వచ్చాం. ఆ అట్టమీద ఉన్నది ఆమె చెల్లెలి ఎడమచేయి ఆనించి చుట్టూ గీసిన గీత. బస్సు కండక్టరుగా పనిచేసే చెల్లెలు, డ్రైవరు గట్టిగా బ్రేకు వేసినప్పుడు పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పాక చిటికెనవేలు సరిగా చాపుకోలేకపోతోంది. "వేళ్లకు పని చెప్పాలమ్మా, ఏదైనా వాద్యం వాయించు" అన్నాడు డాక్టరు. పదేళ్ల వయసులో యుకులేలే, అదే, ఆ నాలుగు తీగల చిన్న గిటారు, వదిలేసి ఇన్నేళ్లలో దాని పేరైనా ఎత్తని మనిషి, "మళ్లీ అదే పట్టుకుంటానేమోనే అక్కా" అంది నవ్వుతూ. అంతే, ఆ మాట టేపక్క పట్టుకుంది. కొట్లో దొరికేవాటి మెడ ఆ వేలికి అందదు. చేతి కొలతకు చేయించాల్సిందే. ఊళ్లో వాటిని చేత్తో చేసే మనిషి ఈ వడ్రంగమ్మ ఒక్కరే.

టేపక్క బట్టలు కుడుతుంది. మెడలో టేపు లేకుండా ఆమెను చూసినవాళ్లు లేరు. వేరే పేరొకటి ఉందన్న సంగతి ఇంటికొచ్చే ఉత్తరాలకు తప్ప ఎవరికీ గుర్తులేదు.

కార్ఖానా అంటే పొడుగాటి గది ఒకటి, దానికి రోడ్డు వైపు పెద్ద కిటికీ. నేలంతా చిత్రిక పట్టిన చెక్క తుక్కు, ఉంగరాలు ఉంగరాలుగా. గోడవారన ఒక ఇనుప గొట్టం వేడెక్కుతోంది. తడిపిన సన్నటి పలకను ఆ గొట్టానికి ఆనించి, పసిపిల్ల నడుం తిప్పినంత నెమ్మదిగా వంచుతోంది వడ్రంగమ్మ. పైన తాడుకు యుకులేలేల పొట్టలు వరసగా వేలాడుతున్నాయి, ఇంకా మెడలు అతకనివి. చేతులు కుట్టని చొక్కాల్లా ఉన్నాయనుకుంది టేపక్క. లోపలి గదిలోంచి టక్, టక్ అని ఎవరో వేలితో చెక్కను తడుతున్న చప్పుడు వస్తోంది.

వడ్రంగమ్మ పలకను అచ్చులో బిగించి, చేతులు తుడుచుకుని, అట్టముక్క అందుకుంది. నలభై దాటిన మనిషి. జుట్టులో చెక్కపొడి.

"ఎవరండీ గీసింది?"

"నేనేనమ్మా. ఏం, తప్పుందా?"

"తప్పా? ఇంత సరైన గీత ఎవరూ తేరు. అందరూ పెన్సిలు వాల్చి గీస్తారు. వేళ్లు అరటిపళ్లంత అవుతాయి."

"కొలతలే కదమ్మా నా బతుకు. మనుషులు అబద్ధం చెబుతారు గానీ టేపు చెప్పదు."

"నడుం దగ్గర కూడానా?"

"నడుం దగ్గర మనుషులు ఊపిరి బిగబడతారు. అది టేపు తప్పు కాదు."

వడ్రంగమ్మ పకపకా నవ్వింది. టేపక్కకు ప్రాణం కుదుటపడింది. పని తెలిసినవాళ్లిద్దరు ఒకచోట చేరితే చుట్టరికం ఊరికే కలుస్తుంది.

"చెల్లెలుగారు ఎప్పుడొస్తారు? గీత ఎంత బాగున్నా చేయి చూడాలి. నమూనా మెడలు మూడున్నాయి, పట్టుకుంటే తెలిసిపోతుంది."

"ఆసుపత్రిలో వేళ్ల కసరత్తు ఉంది. అయ్యాక నేరుగా ఇటే వస్తానంది. అరగంట."

"అయితే ఈలోపు కాగితం నింపేద్దాం."

బల్ల సొరుగులోంచి అచ్చువేసిన కాగితం తీసింది. పొట్ట ఏ చెక్కతో, పైపలక ఏ చెక్కతో, మెడ వెడల్పు ఎంత, మెట్లు ఎన్ని, తీగలు బిగించే బిరడాలు ఎలాంటివి. టేపక్క ఒక్కొక్కదానికీ తడుముకోకుండా చెప్పింది. పొట్టకు మహాగని. మెడ వీలైనంత సన్నం. బిరడాలు ఎడమచేత్తో కూడా తిరిగేంత మెత్తగా ఉండాలి. ఇంట్లో నాలుగు రాత్రులు కూర్చుని ఇవన్నీ ఆలోచించుకుని వచ్చింది మరి.

"నాలుగో తీగ పైకా, కిందికా?"

టేపక్క చేతిలోని కళ్లజోడు ముక్కుదాకా వెళ్లి ఆగిపోయింది.

"అంటే?"

"అందరూ ఇలాగే అడుగుతారు." వడ్రంగమ్మ గోడకున్న తయారైన వాద్యాన్ని దించింది. "గిటారు చూశారుగా. పైనుండే తీగ లావు, గొంతు కింద. అక్కణ్నుంచి వరసగా పైకెక్కుతుంది. దీనికి అలా కాదు. ఇదిగో, ఒకటి, రెండు, మూడు." ఒక్కో తీగా మీటింది. స్వరం మెట్టు మెట్టుగా దిగింది. "ఇప్పుడు అన్నిటికంటే పైనున్న నాలుగోది." దిగుతున్న స్వరం ఉన్నట్టుండి గంతేసి పైకెక్కింది. "విన్నారా? కొత్తవాళ్లు ఇది తప్పనుకుంటారు. కానీ దీని పుట్టుకే అంత. ఆ కిలకిల దీనివల్లే వస్తుంది. కొందరికి దీని గొంతు కిందికే కావాలి. అప్పుడు లావు తీగ వేసి, దానికి తగ్గట్టు గాడి వెడల్పుగా కోయాలి. అంతేగానీ ఈ సన్న తీగనే కిందికి దించామనుకోండి, అది తీగ కాదు, లంగా నాడా."

టేపక్క నవ్వలేదు. నాడాల గురించి ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

అప్పుడు ఆమెకు పద్నాలుగేళ్లు. బడిలో పాటల పోటీ. చెల్లెలికి యుకులేలే నేర్పే మాస్టారు ముందురోజు సాయంత్రం దాని తీగలు సరిచేసి ఇచ్చి వెళ్లారు. పోటీ నాడు, తెర వెనక, చెల్లెలు జడ వేయించుకుంటుంటే, తను పెట్టెలోంచి దాన్ని తీసి ఒక్కో తీగా మీటి చూసింది. ఒకటి, రెండు, మూడు, స్వరం దిగింది. నాలుగు, గంతేసి పైకెక్కింది. ఇదేమిటి ఇలా ఉంది అనుకుంది. పొరుగింటి గిటారు ఆమెకు తెలుసు. లావుగొంతు తీగ పైనుండాలి. మాస్టారు మరిచిపోయినట్టున్నారు. బిరడా పట్టుకుని, మూడో తీగకంటే కిందికి వచ్చేదాకా తిప్పింది, తిప్పింది. పెద్ద పని చక్కబెట్టినట్టు మళ్లీ పెట్టెలో పెట్టేసింది.

చెల్లెలు దాన్ని గుండెకు హత్తుకుని వేదిక ఎక్కిందే తప్ప మీటి చూసుకోలేదు. మొదటి దెబ్బకే వాద్యం చప్పగా, పాత డబ్బా మూతలా మోగింది. ముందు వరసలో ఎవరో నవ్వారు. చెల్లెలు కంగారుగా బిరడా తిప్పింది. ఏది ఎంత తిప్పుతోందో కూడా తెలియలేదు. తీగ టప్పున తెగి ఆమె చెంపమీద కొట్టింది. అప్పుడు అందరూ నవ్వారు.

తను సరిచేశాక చెడిందా, సరిచేయడం వల్లే చెడిందా? ఇన్నేళ్లూ టేపక్క ఈ రెండు ప్రశ్నల మధ్య కాపురముంది. ఎవరినైనా అడిగితే అర నిమిషంలో చెప్పేవాళ్లు. అందుకే అడగలేదు. మొన్నటిదాకా వాద్యాల కొట్టు ఉన్న వీధిలో కూడా నడవలేదు. ఇప్పుడు అడగకుండానే చెప్పారు. అనుమానం తీరితే మనసు తేలికవుతుందంటారు. ఆ అన్నవాళ్లెవరో గానీ అనుభవంతో అని ఉండరు. తెలియక చేసిన తప్పును దేవుడు మన్నిస్తాడని పెద్దలు చెప్పగా విన్నది. మరి తెలుసుకోకుండా ఉండడానికి ముప్పై ఎనిమిదేళ్లు జాగ్రత్త పడినదాన్ని ఏ లెక్కన మన్నిస్తాడు?

"అందరినీ ఇది అడుగుతావా అమ్మా?" అంది, కళ్లజోడు మడుస్తూ.

"అడక్కపోతే మా నాన్న ఊరుకోడు. నాలుగో తీగంటే ఆయనకు భయం, కాగితంమీద ఈ మాట అచ్చువేయించింది ఆయనే." వడ్రంగమ్మ వాద్యాన్ని గోడకు తగిలిస్తూ చెప్పుకుపోయింది. "ఆయన ఒకప్పుడు ఇంటింటికీ తిరిగి నేర్పేవాడు. ఇరవైమంది పిల్లలుండేవాళ్లట. ఒక పిల్లకు వేదికమీద నాలుగో తీగ తెగింది. ఆ పిల్ల తల్లి వీధిలో నిలబెట్టి, తీగ బిగించడం రానివాడు మాస్టరేమిటంది. ఆవిడ మాట ఊరంతా పాకింది. ఆరు నెలల్లో ఇరవైమంది ముగ్గురయ్యారు. ఇక చేసేదిలేక పాతవి బాగుచేయడం మొదలుపెట్టాడు. బాగుచేస్తూ చేస్తూ, చేయడం నేర్చుకున్నాడు. ఆ పిల్ల పుణ్యమా అని నాకు ఈ పనొచ్చిందనుకోండి."

లోపల టక్, టక్ అన్న చప్పుడు ఆగింది.

"మీ నాన్నగారు..."

"లోపలే. చూపు బాగా తగ్గింది. అయినా పలకను వేలితో తట్టి, ఇంకో వెంట్రుకవాసి తియ్యమంటాడు. తీసి చూస్తే ఆయన మాటే నిజం."

టేపక్క లేచి నిలబడింది. ఆ మాస్టారు పోటీ మర్నాడు వాళ్లింటికి రావడం ఆమెకు గుర్తొచ్చింది. గుమ్మం దాటి లోపలికి రాలేదు. కోప్పడలేదు. ఒక్కటే అడిగాడు: "నేను సరిచేసి ఇచ్చాక దాన్ని ఎవరైనా ముట్టుకున్నారా?" అమ్మ అందుకుని, "మా ఇంట్లో ఎవరూ ముట్టుకోరు" అంది. ఆయన అమ్మ వైపు చూడలేదు. పద్నాలుగేళ్ల పిల్ల వైపు చూశాడు. ఆ పిల్ల నేలమీద గళ్లు లెక్కపెట్టుకుంటూ నిలబడింది. ఆయన చాలాసేపు నిలబడి వెళ్లిపోయాడు.

"ఇంకోరోజు వస్తానమ్మా, ఒంట్లో ఎలాగో ఉంది" అంటూ సంచీ అందుకుంది.

"జరగండి, జరగండి, ద్వారంలో నిలబడకండి!" అంటూ సరిగ్గా అప్పుడే దిగబడింది చెల్లెలు. పాతికేళ్లు బస్సులో అరిచిన గొంతు. నాలుగు గోడల మధ్య కూడా రోడ్డుమీద ఉన్నట్టే మాట్లాడుతుంది. "ఏమే అక్కా, ఎక్కడికి? నన్ను రమ్మని నువ్వు దిగిపోతున్నావా? ఆ మొహమేంటి, సున్నం కొట్టినట్టు?"

"ఏం లేదే. పద, ఇంకోచోట చూద్దాం."

"ఇంకోచోట ఎక్కడుంది? నువ్వే కదా వారంరోజులుగా వడ్రంగమ్మ, వడ్రంగమ్మ అని నా చెవులు కొరికావు!" చెల్లెలు అక్కను పక్కకు జరిపి బల్ల ముందుకొచ్చింది. "ఇదిగోనమ్మా చేయి. ఓ వేలు సెలవులో ఉంది. మిగతా నాలుగూ డ్యూటీలోనే ఉన్నాయి."

వడ్రంగమ్మ మూడు నమూనా మెడలు బల్లమీద పెట్టింది. మొదటిది చెల్లెలి చేతికి లావైంది. రెండోది పట్టుకోగానే ఆమె మాట ఆగిపోయింది. వేళ్లు వాటంతట అవే మెట్ల మీదికి పాకాయి. చిటికెనవేలు వణుకుతూ చివరి తీగ చోటుదాకా వెళ్లి ఆగింది. ఆ మొహంలో పదేళ్ల పిల్ల ఒక్క క్షణం కనబడి పోయింది. టేపక్క చూడలేక తల తిప్పుకుంది.

"నాన్నా, ఒకసారి చేయి చూస్తావా?" వడ్రంగమ్మ కేకేసింది.

లోపలి గుమ్మంలోంచి ముసలాయన బల్ల అంచు పట్టుకుంటూ వచ్చాడు. ఉప్పుకాగితం రాసి రాసి వేలిముద్రలు అరిగిపోయిన చేతులు. చెల్లెలి మణికట్టు పట్టుకుని, ఒక్కో వేలూ తడిమాడు. బొటనవేలి దగ్గరకొచ్చేసరికి ఆగాడు. అది మెడ వెనక ఉండాల్సింది, అంచు దాటి పైకి వచ్చి ఉంది.

"మళ్లీ పైకెక్కించావా? వెనకే ఉంచమని ఎన్నిసార్లు చెప్పాలి? కొమ్మ పట్టుకున్నట్టు పట్టుకుంటే ఎలాగే చిలకా?"

అన్నాక, ఏమన్నాడో తనకే వినబడ్డట్టు ముసలాయన నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది.

చెల్లెల్ని చిలకా అని పిలిచేవాడు లోకంలో ఒక్కడే ఉండేవాడు.

"మాస్టారూ?" అంది చెల్లెలు. బస్సు గొంతు ఎటు పోయిందో పోయింది.

"చిలకవేనా నువ్వు? ఆ బొటనవేలు ఇంకెవరికీ లేదు. వందమంది చేతులు పట్టుకున్నాను."

చెల్లెలు నమూనాను మెల్లగా బల్లమీద పెట్టింది. "మీరని తెలిస్తే వచ్చేదాన్ని కాదు."

"ఏం, ఇంకా కోపమేనా?"

"కోపం కాదు మాస్టారూ. బస్సులో వెనక సీట్లో ఎవరైనా నవ్వితే ఇప్పటికీ నన్ను చూసే అనుకుంటాను. పాతికేళ్ల ఉద్యోగంలో ఒక్కసారీ వెనక్కి తిరిగి చూసుకోలేదు, నన్ను కాదేమోనని. మీరు ఆ తీగ సరిగ్గా బిగించి ఉంటే..." నమూనాను వేలితో పక్కకు నెట్టింది. "ఉంటే ఏమయ్యేదో నాకూ తెలీదు. ఏదో ఒకటి అయ్యేది కదా."

వడ్రంగమ్మ ఒకసారి తండ్రిని, ఒకసారి ఆమెను చూసింది. ఇందాక నవ్వుతూ చెప్పిన కథలోని పిల్ల కళ్ల ముందు నిలబడితే, ఆ నవ్వును ఎక్కడ దాచుకోవాలో తెలియక గొట్టం కింద మంట ఆర్పేసింది.

"అయ్యేదమ్మా," అన్నాడు మాస్టారు. "నీ చేయి నాకు తెలుసు. తప్పకుండా అయ్యేది. కానీ ఆ రోజు నేనేం చేశానో నాకూ తెలియాలి. మర్నాడు మీ ఇంటికొచ్చి ఒక్క ప్రశ్న అడిగాను. మీ అమ్మ చెప్పింది సరే. మీ అక్క అక్కడే ఉంది, పద్నాలుగేళ్లుంటాయి. ఏదో చెప్పబోయినట్టు అనిపించింది. చెప్పలేదు. ఆ పిల్ల ఇప్పుడెక్కడుంది?"

"ఎక్కడుంటుంది, ఇక్కడే..." అంటూ చెల్లెలు వెనక్కి తిరిగింది. తిరిగి, అక్క మొహం చూసి ఆగిపోయింది.

కార్ఖానాలో జిగురు వాసన, కిటికీ అవతల రోడ్డు చప్పుడు. ముసలాయన చూపు ఆనని కళ్లతో, ఎవరూ లేనివైపు తిరిగి ఎదురుచూస్తున్నాడు. అప్పుడూ ఇలాగే ఎదురుచూశాడు.

"గుర్తులేదు మాస్టారూ" అన్న మాట టేపక్క నాలుక చివరిదాకా వచ్చింది. ఎంత సుళువైన మాట! ఎవరూ తప్పుపట్టరు. చెల్లెలు ఈ వాద్యం చేయించుకుంటుంది, వాయించుకుంటుంది, వేలు బాగవుతుంది. నిజం చెబితే ఆ చిటికెనవేలు మళ్లీ ఎప్పటికీ సాగకపోవచ్చు. పైనున్నవాడు ఇంత ఇరుకు సందులో పెట్టి అడగడం ఏం న్యాయం? కానీ తీరిగ్గా అడిగిన ముప్పై ఎనిమిదేళ్లలో తను చెప్పలేదుగా.

"ఇక్కడే ఉన్నాను మాస్టారూ," అంది. ఆయన గొంతు వచ్చినవైపు తిరిగాడు. "ముట్టుకున్నారు. నేనే ముట్టుకున్నాను. నాలుగో తీగ స్వరం పైనుంటే తప్పనుకుని కిందికి దించాను."

మాస్టారు కోప్పడలేదు. తల కొంచెం పక్కకు వంచాడు, పలక తట్టి వింటున్నట్టు.

"ఎంత దించావు?"

"మూడోదానికంటే కిందికి."

"అంత సన్న తీగను అంత దించితే ఇంకేం మోగుతుంది? పిచ్చిపిల్ల దాన్ని ఒక్కసారిగా పైకి లాగి ఉంటుంది. తెగక చస్తుందా?" ఆయన పెద్దగా ఊపిరి వదిలాడు. స్టూలు వెతుక్కుని కూర్చున్నాడు. "నేను వేసిన ముడే జారిందేమోనని ఇన్నాళ్లూ అనుకున్నానమ్మా. ఆ రోజు నుంచి ప్రతి తీగకూ ముడి రెండుసార్లు వేస్తున్నాను. నా కూతురు నవ్వుతుంది, ఒకటి చాలు కదా నాన్నా అని. సరే. జవాబు ముట్టింది. ఆలస్యమైతే అయింది గానీ, ముట్టింది."

టేపక్కకు ఆయన కాళ్లమీద పడాలనిపించింది. కానీ పడలేదు. ఎందుకంటే చెల్లెలు ఆమెనే చూస్తోంది. ఏడవడం లేదు. టికెట్టు లేనివాణ్ని చూసినట్టు చూస్తోంది. వాడు ఎక్కడ ఎక్కాడో తనకు తెలుసు, వాడి నోటితోనే వినాలి, అన్నట్టు.

"అక్కా," అంది నెమ్మదిగా. "ఆ ఏడాది నువ్వూ నేర్చుకుంటానన్నావు. నీకు కుట్టుమిషను ఉంది కదే, ఇద్దరికెందుకు అంది అమ్మ. రెండు రోజులు అన్నం తినలేదు నువ్వు. నేను మరిచిపోయాననుకున్నావా?"

"బుల్లీ..."

"ఒక్కటి చెప్పు. ఆ తీగ పైనుందని దించావా? నేను పైకెక్కుతున్నానని దించావా?"